బ్రూడర్‌లో (వేడి ఇచ్చి పెంచే చోట) కోడిపిల్లలు ఒకదాని తోక ఒకటి పీక్కుంటున్నాయి, ఏం చేయాలి?

హుస్నాబాద్_కొత్తరైతు:

నమస్కారం. మాది హుస్నాబాద్ దగ్గర ఒక పల్లె. పొలం పక్కన రేకుల షెడ్డులో మొదటిసారి కోడిపిల్లలు పెంచుతున్నాను. గ్రామప్రియ అనే పెరటి కోడి రకం పిల్లలు 80 తెచ్చాను, ఇప్పుడు వాటి వయసు 18 రోజులు. మొదటి రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఈ మధ్యనే ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి. ఇవాళ పొద్దున వెళ్లి చూస్తే ఒక పిల్ల మూలకు నక్కి ఉంది, తోక మొదట్లో చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. దాన్ని తీసి చేతిలో పట్టుకున్నానో లేదో, మిగతావి ఇంకోదాని మీద పడ్డాయి. ఇప్పటికి మూడు చనిపోయాయి, ఏడింటికి గాయాలున్నాయి.

నా ఏర్పాటు ఇది: తగరపు రేకుతో గుండ్రంగా కట్టిన చిక్ గార్డు, అడ్డంగా ఐదడుగులు ఉంటుంది. పైన 100 వాట్ల తెల్ల బల్బులు రెండు, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. కింద పాత వార్తాపత్రికలు పరుస్తాను, రోజూ మారుస్తాను. రెండడుగుల మేత తొట్టి ఒకటి, నీళ్ల డబ్బాలు రెండు. మేత ఖర్చు తగ్గుతుందని కొద్ది రోజులుగా చిక్ స్టార్టర్‌లో (పిల్లలకు మొదట పెట్టే తయారు మేత) సగానికి సగం నూకలు, మొక్కజొన్న రవ్వ కలుపుతున్నాను. ముక్కు కోయించమని ఒకరు, పసుపు రాస్తే చాలని ఇంకొకరు అంటున్నారు. తెలిసినవారు దారి చెప్పండి.

లేయర్_షెడ్డు_సూపర్‌వైజరు:

అన్నా, ముక్కు కోయించడమే మార్గం. మా గుడ్ల కోళ్ల ఫారంలో వారం, పది రోజుల వయసులోనే వేడి బ్లేడుతో కొన కోసేస్తాం. ఆ తర్వాత ఈ గొడవే ఉండదు. పసుపుతో పోయేది కాదు ఇది.

గంపకింద_కోడి:

ముక్కు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పు తమ్ముడూ, పొడుస్తున్నది ఎక్కడ? కాలి వేళ్ల మీదా, మలద్వారం దగ్గరా, తోక మొదట్లోనా, ముఖం మీదా? పిల్లలన్నీ పొడుస్తాయి, కానీ ఒక్కో చోటుకు ఒక్కో కారణం ఉంటుంది. ఫోను జేబులో పెట్టుకుని, బ్రూడర్ పక్కన స్టూలు వేసుకుని అరగంట కదలకుండా కూర్చో. నువ్వు కదిలితే అవి నిన్నే చూస్తుంటాయి, అసలు పని చేయవు.

హుస్నాబాద్_కొత్తరైతు:

కూర్చుని చూశాను అక్కా. ఎక్కువగా తోక మొదట్లో, తర్వాత రెక్కల అంచున. కొత్తగా వస్తున్న ఈకను లాగి తినేస్తున్నాయి కూడా. ఇంకో విషయం ముందు రాయలేదు. సంతలో కొన్న జాతి కోడి (పందెం కోడి) పిల్లలు పదకొండు ఇందులోనే ఉన్నాయి, వీటికంటే కొంచెం పెద్దవి. అవి మాత్రం తోక జోలికి పోవు, ఎదురెదురుగా నిలబడి మెడ సాచి ముఖాల మీద పొడుచుకుంటున్నాయి.

గంపకింద_కోడి:

జాతి పిల్లలతో మొదలుపెడదాం, ఎందుకంటే వాటి పని తేలిక. అవి చేస్తున్నది పోట్లాట, మిగతావి చేస్తున్నది పీక్కు తినడం. జాతి పిల్లకు ఆ వయసు నుంచే పౌరుషం. దానికి బల్బు మార్చినా మేత మార్చినా ఒరిగేది లేదు. ఈ సాయంత్రమే వాటిని వేరే గంప కింద పెట్టు. వాటిలో వాటికి గెలుపోటములు తేలాక కొంత సద్దుమణుగుతాయి, కన్ను పోయేదాకా వస్తే మటుకు విడదీయి.

ఇక తోక. మూడో వారంలో నూగు రాలి అసలు ఈక వస్తుంది. ఒక పిల్లను పట్టుకుని తోక మొదట్లో ఊది చూడు. నీలంగా, లావుగా, చిన్న గొట్టంలా కనబడే కాడలుంటాయి. వాటి నిండా నెత్తురే. దాన్ని ఒక్కసారి లాగితే చుక్క బయటికొస్తుంది, ఎర్ర చుక్క కనబడగానే పక్కనున్న నలుగురూ వస్తారు. ఆ రుచి మరిగిన పిల్ల మళ్లీ మానదు. నీ దగ్గర జరిగిందంతా ఇదే, కానీ మొదటి ఈక ఎందుకు లాగిందన్నది చూడాలి.

నా లెక్కలో మొదటి దోషి మేత. స్టార్టర్‌లో మాంసకృత్తులు 20 శాతం ఉంటాయి, మొక్కజొన్నలో తొమ్మిది దాటవు, నూకల్లోనూ అంతే. సగం సగం కలిపితే 14 శాతం దగ్గరికి దిగిపోయింది. ఈక అంటేనే మాంసకృత్తు కదా. ఒంటి నిండా ఈకలు తయారు చేసుకోవాల్సిన వారంలోనే నువ్వు కోత పెట్టావు. స్టార్టర్‌లో ఉండే మెథియోనిన్ (ఈకకు కావాల్సిన ఒక అమైనో ఆమ్లం), ఉప్పు కూడా ఆ లెక్కనే పలచబడ్డాయి. అలాగని ఉప్పు నువ్వు తెచ్చి కలపకు, ఎక్కువైతే పిల్లలు చచ్చిపోతాయి. నూకలు ఆపేసి స్టార్టర్ ఒక్కటే పెట్టు. పైసా ఖర్చు లేకుండా ఇంకొంత బలం కావాలంటే చెదలు పెట్టు. పాత కుండలో పేడ, ఎండు గడ్డి తడిపి కూరి, చెద తిరిగే చోట రాత్రి బోర్లించి ఉంచితే పొద్దుటికి కుండలో చెదలుంటాయి. అది దులిపిన రోజు మీ పిల్లలకు తోకలు గుర్తుండవు, నాదీ పూచీ.

రెండోది చోటు. అడ్డం ఐదడుగుల గుండ్రం అంటే 20 చదరపు అడుగులు కూడా రాదు. మొదటి వారం దానిలో సరిపోయాయి. ఇప్పుడు పిల్లకు కనీసం అర చదరపు అడుగు కావాలి, ఇంకాస్త ఇస్తే మరీ మంచిది. ఇంకో రేకు జోడించి అడ్డం ఎనిమిదడుగులు చెయ్యి, 50 చదరపు అడుగులవుతుంది. తొట్టి సంగతీ అంతే. రెండడుగుల తొట్టి రెండు వైపులా కలిపి నాలుగడుగులు, పిల్లకు రెండు అంగుళాల చొప్పున ఒక్కసారి 24 పిల్లలు తింటాయి. మిగతావి వెనక నిలబడి ఏం చేస్తాయి? వాటి కళ్ల ముందు ఉన్నది ముందువాటి తోకే. ఇంకో రెండు తొట్లు పెట్టు, ఎడం ఎడంగా పెట్టు.

మూడోది ఆ బల్బులు. ఈ వయసుకు 29 డిగ్రీలు చాలు. మీ వైపు ఆగస్టులో పగలు రేకుల కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది, పగలు బల్బు దేనికి? పిల్లలు బల్బుకు దూరంగా గోడ వారన నోరు తెరిచి, రెక్కలు జారేసి నిలబడుతున్నాయంటే వేడి ఎక్కువైందని. ఉక్కపోసిన పిల్లకు చిరాకు, పైగా తెల్ల వెలుగులో నెత్తురు చుక్క నిప్పులా మెరుస్తుంది. పగలు తీసెయ్. రాత్రికి ఎర్ర బల్బు పెట్టు, ఆ వెలుగులో నెత్తురు ఎర్రగా ఆనదు. తెల్ల బల్బుకే ఎర్ర కాగితం చుట్టే తెలివి మాత్రం వద్దు, కింద కాగితాలు, పైన రేకు, నిప్పంటుకుంటే నిమిషం పట్టదు. ఎల్.ఇ.డి. తెచ్చినా లాభం లేదు, అది వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు.

కాగితాలు తీసేసి రెండు అంగుళాల మందాన పొడి వరి ఊక పరువు. కాగితం మొదటి రెండు మూడు రోజులకే, మేత కనబడాలని. కోడి గీరి తినే జీవి. గీరడానికి కింద ఏమీ లేకపోతే ముక్కు పక్కవాడి మీదకే పోతుంది. పాత బేసినులో పొయ్యి బూడిద, ఇసుక పోసి పెట్టు, పొర్లుతాయి. తోటకూర కట్ట ఒకటి తాడుతో పిల్ల తలకంటే కాస్త ఎత్తున వేలాడదీయి. నేల మీద పడేస్తే పావుగంటలో అయిపోతుంది, వేలాడితే ఎగిరి ఎగిరి తింటూ పొద్దు పుచ్చుతాయి.

ఆఖరున, మొదలుపెట్టే పిల్ల ఒకటో రెండో ఉంటాయి. దాన్ని కనిపెట్టడం కష్టం కాదు. అన్నింటి తోకలూ చెడి, ఏ పిల్ల తోక చెక్కుచెదరకుండా నిగనిగలాడుతుందో అదే దొంగ. రెండు రోజులు విడిగా ఉంచు.

ముక్కు కోయడం గురించి, సూపర్‌వైజరు గారూ, మీ ఫారంలో కోళ్లు పంజరంలో కూర్చుని తొట్టిలో తింటాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో గ్రామప్రియను తయారు చేసిందే పెరట్లో తిరిగి తినడానికి. కొన లేని ముక్కుతో అది గింజ ఏరుకోలేదు, పురుగును పట్టుకోలేదు. పైగా ఇప్పటికే గాయాలతో ఉన్న పిల్లలను పట్టి కోస్తే ఇంకో నాలుగు పోతాయి.

లేయర్_షెడ్డు_సూపర్‌వైజరు:

పెరటికి వదిలేవైతే మీ మాటే సరి. వేలల్లో పెంచేచోట మాకు వేరే దారి ఉండదు. ఎర్ర బల్బు మాట నిజం, అది మేమూ వాడతాం.

పశువైద్య_సహాయకుడు:

గాయాల గురించి ఎవరూ రాయలేదు. గాయపడ్డ ఏడింటినీ వెంటనే వేరు చేయండి. మరీ కంటికి కనబడని చోట పెట్టకండి, అదే షెడ్డులో వల అడ్డం పెట్టి ఉంచండి. పూర్తిగా దూరం చేస్తే తిరిగి వదిలినప్పుడు కొత్తవనుకుని మళ్లీ పొడుస్తాయి. గాయం ఉప్పు నీళ్లతో కడిగి ఊదా రంగు జెన్షన్ వయొలెట్ పూయండి. మందుల షాపులో ఎర్ర మందు ఇస్తే తీసుకోకండి, ఆ ఎరుపు చూసే పొడుస్తాయి. వేపనూనెలో పసుపు కలిపి రాసినా పనికొస్తుంది, చేదుకు రెండోసారి ముట్టవు.

ఇంకొకటి. 14వ రోజు గంబోరో (కోడిపిల్లలకు వచ్చే వైరస్ జబ్బు) టీకా వేశారా? ఏ పిల్ల అయినా తన మలద్వారాన్ని తానే పొడుచుకుంటూ, నీళ్ల రెట్ట వేస్తూ, ముడుచుకుని కూర్చుంటే అది పక్కవాటి గొడవ కాదు, గంబోరో మొదట్లో అలాగే కనబడుతుంది. రెట్టలో నెత్తురుంటే కాక్సిడియోసిస్ (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) అనుకోవాలి. ఈ రెంటిలో ఏది కనబడినా మండల పశువైద్యశాలకు ఒక పిల్లను తీసుకెళ్లండి.

డల్లాస్_పెరటికోళ్లు:

మేము ఇక్కడ గరాజులో ఆరు పిల్లలే పెంచుతాం కాబట్టి నాది చిన్న అనుభవం. బల్బు మానేసి, కాళ్ల మీద నిలబడే వేడి పలక కొన్నాం. చలేసినప్పుడు తల్లి కింద దూరినట్టు దాని కింద దూరతాయి. వెలుగు ఉండదు, రాత్రి నిద్రపోతాయి. 80 పిల్లలకు అది ఖర్చే అనుకోండి.

హుస్నాబాద్_కొత్తరైతు:

అందరికీ ధన్యవాదాలు. గంబోరో టీకా వేయించాను, రెట్ట బాగానే ఉంది. రేకు పెంచాను, ఊక పోశాను, నూకలు ఆపేశాను. జాతి పిల్లలు గంప కింద ఉన్నాయి. నిగనిగలాడే తోక ఉన్నది ఒక్కటే దొరికింది అక్కా, బూడిద రంగు పుంజు పిల్ల, దాన్ని విడిగా పెట్టాక గొడవ చాలా తగ్గింది. కొత్త గాయాలు లేవు, అక్కడక్కడ ఒకటి రెండు ముక్కుపోట్లు ఉన్నాయంతే. ఎర్ర బల్బు ఎప్పటిదాకా ఉంచాలి?

గంపకింద_కోడి:

వీపు మీద, రెక్కల మీద ఈక నిండిందంటే తీసెయ్. ఐదో వారానికి నిండుతుంది. వాన పడి చల్లబడిన రాత్రి ఒకసారి వెళ్లి చూడు, గుట్టగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే ఇంకొన్నాళ్లు ఉంచు. ఆ బూడిద పుంజును సాయంత్రం చీకటి పడ్డాక మందలో కలుపు, పగలు కలపకు. పొద్దున్నే మళ్లీ మొదలుపెడితే జాతి పిల్లల గంపలో పడెయ్, అవే బుద్ధి చెబుతాయి.