మధ్యాహ్నం రెండు గంటలసేపు మా కుక్కకి ఏం పని పెట్టాలి?

విజయనగరంలో ఉంటాం. మా టామీ లాబ్రడార్‌కీ ఊరకుక్కకీ పుట్టింది. 14 నెలలు, 22 కిలోలు. పొద్దున్న 5.30కి పెద్ద చెరువు వైపు ముప్పావు గంట, సాయంత్రం అరగంట నడిపిస్తాం. అయినా 11 నుంచి ఒంటిగంట దాకా మాకు శాంతి లేదు. కుండీలు తవ్వేస్తుంది, మూతితో గేటు గడియ తీసేస్తుంది. ఆ ఎండలో బయటికి తీసుకెళ్లలేం, కట్టేస్తే ఒకటే అరుపులు.

కూర్చో, ఆగు లాంటివి రెండ్రోజుల్లో నేర్చేసుకుంది (మా అబ్బాయికి ఎక్కాలు రావడం కంటే నయం). కన్నాల బంతిలో ఉడికించిన చికెన్ పెడితే మూడు నిమిషాల్లో ఖాళీ. గదుల్లో ముక్కలు దాచినా అంతే. గిన్నెలో ఉప్పులేని పెరుగన్నం గడ్డకట్టించి ఇస్తే ఇరవై నిమిషాలు నాకింది, అదే రికార్డు.

తిండి పెంచకుండా, ఇంట్లోనే, కనీసం గంటసేపు దాని బుర్రకి పని పెట్టే ఆట ఏది?