«విలువ మారినపుడు వీడు రకము»: వీడునా, విడువదా?

పదశోధి
సర్వర్ ప్రోగ్రామింగ్ తొలి పాఠంలో వేరియబుల్స్ (విలువలు దాచుకునే పేర్లు) మీద చెప్పే ఆటవెలది ఒకటుంది. రెండో పాదమే నోట్లో ఆడుతోంది: «విలువ మారినపుడు వీడు రకము». రకమంటే విలువ ఏ తరహాదో (పూర్ణసంఖ్య, అక్షరాల వరుస వగైరా). ఆ «వీడు» దగ్గరే అనుమానం. «వేరు రకము» అనే పాఠాంతరమూ ఉంది, «విలువ మారిన విడువదు రకమ్ము» అనే పాఠమూ ఉంది. మూడింటికీ అర్థాలు మూడు దిక్కులు. మిగతా పాదాలు తెలిసినవారు పూరించగలరా?

గణవిభజన
విలువ–మారి–నపుడు–వీడు–రకము. న (మూడు లఘువులు), హ (గురువు, లఘువు), న, హ, న. ఐదూ సూర్యగణాలే, యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు) వి–వీ. «విడువదు» పాఠాన్ని కూడా విడగొట్టి చూడండి: విలువ–మారి–నవిడు–వదుర–కమ్ము. గణాలు కుదిరాయి కానీ యతి కుదరలేదు. నాలుగో గణం మొదట «వ» ఉంది, వి–వ లకు స్వరమైత్రి (అచ్చుల పొత్తు) లేదు. ఆ పాఠం పోయినట్టే. «వేరు»కి అభ్యంతరం లేదు, వి–వే చెల్లుతుంది. పోటీ ఇక ఆ రెండింటి మధ్యే.

సర్వర్‌సాధకుడు
నా ఓటు «వేరు»కి. పీహెచ్‌పీ అనే సర్వర్ భాషలో రకం పేరుకి అంటి ఉండదు, విలువకి అంటి ఉంటుంది.

$సంఖ్య = 25;
$సంఖ్య = "25";

మొదటి వరుస తర్వాత వార్‌డంప్ (రకం, విలువ చూపే ఆదేశం) చేస్తే ఇంట్ (పూర్ణసంఖ్య), 25. రెండో వరుస తర్వాత స్ట్రింగ్ (అక్షరాల వరుస), పొడవు 2. పేరు అదే, రకం వేరు. కొత్త విలువ పెట్టకపోయినా ఇది జరుగుతుంది. 6ని 2తో భాగిస్తే ఇంట్ 3 వస్తుంది, 7ని 2తో భాగిస్తే ఫ్లోట్ (దశాంశ సంఖ్య) 3.5 వస్తుంది. 64 బిట్ల సర్వర్‌లో ఇంట్ గరిష్ఠం 9223372036854775807. దానికి 1 కలపండి, ఏ హెచ్చరికా లేకుండా ఫ్లోట్ అయిపోతుంది. ఫ్లోట్‌లో కచ్చితత్వం 53 బిట్లే కాబట్టి చివరి అంకెలు పోతాయి. పెద్ద ఐడీలతో లెక్కలు చేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. రకం వదిలిపోవడం లేదు కదండీ, ఇంకో రకం అవుతోంది. «వీడు» అంటే రకమే లేకుండా పోయినట్టు ధ్వనిస్తుంది. విలువ లేదని చెప్పే నల్‌కి కూడా నల్ అనే రకం ఉంది.

జాడవేరు
గణవిభజన గారూ, «విడువదు» పాఠాన్ని అంత తేలిగ్గా తోసేయకండి. జావా అనే మరో భాషలో అదే నిజం. ఇంట్ అని ప్రకటించిన చోట 2147483647కి 1 కలిపితే −2147483648 వస్తుంది. రకం కదలదు, విలువే తిరగబడుతుంది. ఇక యతి అంటారా, ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) ఉంది. వేమన «చూడ చూడ రుచుల జాడ వేరు»లో చూ–జా లకు మాత్రం స్వరమైత్రి ఎక్కడుంది? చూడ–జాడ, ప్రాసయతితో నిలిచింది.

గణవిభజన
నిలిచింది, ఎందుకంటే రెండుచోట్లా రెండో అక్షరం «డ», దాని ముందు గురువు. మీ పాఠంలో విలువకి రెండో అక్షరం «లు», వదురకి «దు». ల–ద లకు ప్రాస చెల్లదు. వేమన దగ్గరికి వచ్చాం కాబట్టి దాని ముందు పాదం కూడా చూడండి: ఉప్పు–కప్పు–రంబు–నొక్కపో–లికనుండు. మూడు సూర్యగణాలు, తర్వాత ర గణం, సలం (రెండూ ఇంద్రగణాలు). యతి ఉ–ఒ. నొక్కలో నకారం వచ్చి చేరిందే, కింద ఉన్న ఒకారమే యతికి ఆధారం. ఎంత మామూలు మాటలా వినిపిస్తుందో, లోపల అంత బిగువు!

నాలుగోపాదం
మొదటి పాదం ఇలా ఉండాలని నా అభిప్రాయం:

పేరు ముందు నిలుపు పెద్ద డాలరు గుర్తు
విలువ మారినపుడు వీడు రకము

పేరు–ముందు–నిలుపు–పెద్దడా–లరుగుర్తు. «నొక్కపో–లికనుండు»లాగే ర, సలం. యతి పే–పె. డాలరు గుర్తు ఉందంటే పీహెచ్‌పీయే, జావా వాదం వీగిపోయింది.

జాడవేరు
పాదం బాగుంది, కానీ అది మీ పూరణ. పూరణతో పాఠనిర్ణయం చేయకూడదు. పైగా «పెద్ద» ఎందుకు? డాలర్‌లో చిన్నదీ పెద్దదీ లేవు, అది యతి కోసం వచ్చిన మాట. చిన్నా పెద్దా తేడా ఉన్నది పేరులోని ఇంగ్లిషు అక్షరాలకే.

నాలుగోపాదం
తెలుగు లిపికి ఆ బెడద లేదు, అందుకే పీహెచ్‌పీలో $విలువ అని హాయిగా రాయవచ్చు. పేరు మొదట అక్షరమో అండర్‌స్కోరో ఉండాలి, అంకె ఉండకూడదు అన్నది నియమం. కానీ పీహెచ్‌పీ 128, ఆపైన ఉన్న ఏ బైట్‌నైనా అక్షరంగానే చూస్తుంది. అందుకే $1తరగతి అంటే పార్స్ ఎర్రర్, $౧తరగతి అంటే చెల్లుతుంది! తెలుగు అంకెని అది అంకెగా గుర్తించదు.

ఒక్క జాగ్రత్త. పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకచోట ఉండి, ఇంకోచోట లేకపోతే అవి రెండు వేర్వేరు పేర్లు. కొన్ని ఫాంట్లలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. నడిపితే «అన్‌డిఫైన్డ్ వేరియబుల్» అని హెచ్చరిక వస్తుంది, ఎంత చూసినా తప్పు దొరకదు. అలాంటప్పుడు ఆ పేరును, దాని బైట్లు చూపే బిన్‌టుహెక్స్‌కి ఇచ్చి చూస్తే ఇ2808సి అనే మూడు బైట్లు బయటపడతాయి.

అరసున్న
ప్రారంభకులు పాదాన్ని ఏ పాఠంలో చదివినా సరే, ఈ సంగతి ముందు తెలియాలి: మామూలు వెబ్ ఫారం నుంచి వచ్చే ప్రతి గడీ స్ట్రింగే. బ్రౌజర్‌లో ఆ గడిని నంబర్ అని పెట్టినా సర్వర్‌కి చేరేది "25". దాన్ని 10తో కూడితే భాషకో దారి. పీహెచ్‌పీలో 35, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో "2510", పైథాన్‌లో టైప్‌ఎర్రర్ (రకం తప్పు). "12 మంది" + 5 అంటే పీహెచ్‌పీ 8 హెచ్చరించి 17 ఇస్తుంది, "మంది" + 5 అంటే టైప్‌ఎర్రర్ విసురుతుంది.

ఇంట్ కాస్ట్ చేసేస్తే (బలవంతంగా ఇంట్‌గా మారిస్తే) చాలనుకోవద్దు. ఖాళీ గడిని కాస్ట్ చేస్తే 0 వస్తుంది, వయసు 0 అని డేటాబేస్‌లో కూర్చుంటుంది. ఫిల్టర్ వార్‌తో ఇంట్ తనిఖీ చేయండి, విఫలమైతే ఫాల్స్ ఇస్తుంది. ఆ ఫాల్స్‌ని మూడు సమానాలతోనే (===) పోల్చాలి. రెండిటితో (==) పోలిస్తే నిజంగా 0 ఇచ్చినవాళ్లనూ తిప్పి పంపేస్తారు. ఇక ఫోన్ నంబర్లు, పిన్‌లు స్ట్రింగ్‌లుగానే ఉంచండి. వాటిని కూడేదీ లేదు, తీసేదీ లేదు. ఇంట్ చేస్తే ముందున్న సున్న పోతుంది.

జాడవేరు
ఉప్పు కప్పురమే! "1e3" == "1000" అంటే పీహెచ్‌పీ 8లోనూ ట్రూ, ఎందుకంటే రెండూ అంకెల్లా కనిపించే స్ట్రింగ్‌లు. === పెడితే ఫాల్స్. రుచి చూసేది మూడో సమానమే.

సర్వర్‌సాధకుడు
బాగా పట్టారు. దానికి తోడు "0" ఫాల్స్, "0.0" ట్రూ, ఒక్క ఖాళీ జాగా ఉన్న స్ట్రింగ్ ట్రూ. ఎంప్టీ అని అడిగితే "0"ని ఖాళీ అంటుంది. పరిమాణం గడిలో 0 చెల్లే చోట ఎంప్టీ వాడకండి, ఖాళీ స్ట్రింగ్‌తో === పోలిక పెట్టండి.

పదశోధి
అందరికీ కృతజ్ఞతలు. మరి వీడునా, వేరా?

అరసున్న
మూడు పాఠాలూ పీహెచ్‌పీలోనే చెల్లుతాయి, అందుకే తేలడం లేదు. ఫంక్షన్ లోపలి వేరియబుల్‌కి రకం ప్రకటించే వీలే లేదు, అక్కడ «వేరు» నిజం. 2019లో వచ్చిన పీహెచ్‌పీ 7.4 నుంచి క్లాస్ ప్రాపర్టీకి (క్లాస్‌లో ఉండే వేరియబుల్‌కి) రకం ప్రకటించవచ్చు, అక్కడ «విడువదు» నిజం. ఇంట్ ప్రాపర్టీలో "25" పెడితే 25గా మార్చుకుంటుంది, "అరవై" పెడితే టైప్‌ఎర్రర్. ఫైలు తొలి వాక్యంగా స్ట్రిక్ట్ టైప్స్ 1 అని డిక్లేర్ చేస్తే "25"ని కూడా ఒప్పుకోదు. ఫ్లోట్ అడిగిన చోట ఇంట్ ఇస్తే మాత్రం ఊరుకుంటుంది. ఈ కట్టడి ఆ ఫైల్లోంచి చేసే పిలుపులకే, బయటి ఫైళ్లు దీన్ని పిలిస్తే వర్తించదు. దీన్ని మర్చిపోయి «స్ట్రిక్ట్ పెట్టినా పనిచేయడం లేదు» అంటారు. అన్‌సెట్ చేస్తే పేరే పోతుంది, «వీడు» అక్కడ.

గణవిభజన
అన్‌సెట్ అంటే విలువ మారడం కాదండీ, కాబట్టి ఆ అన్వయం నిలవదు. సరే, గణవిభజన చేసే చిన్న ప్రోగ్రామ్ సర్వర్‌లో రాస్తే ఈ తగవులు తగ్గుతాయి. స్ట్రింగ్ పొడవు తీసుకుని మొదలుపెడితే?

నాలుగోపాదం
ఏ పొడవు? పీహెచ్‌పీ స్ట్రింగ్ అంటే బైట్ల వరుస. "తెలుగు"కి స్ట్రెలెన్ (బైట్లు) 18, ఎంబీ స్ట్రెలెన్ (యూనికోడ్ సంకేతాలు) 6, గ్రాఫీమ్ స్ట్రెలెన్ (కంటికి కనిపించే అక్షరాలు) 3. సబ్‌స్ట్రింగ్‌తో 10 బైట్ల దగ్గర కోస్తే నాలుగో సంకేతం మొదటి బైట్ మాత్రమే మిగులుతుంది. దాన్ని, డేటాను పంపే రూపంలోకి మార్చే జేసన్ ఎన్‌కోడ్‌కి ఇస్తే ఫాల్స్ వస్తుంది, పేజీలో ఏమీ రాదు. ఛందస్సుకి గ్రాఫీమ్ లెక్క దగ్గర, కానీ అదీ పూర్తిగా నమ్మకం కాదు. «రకమ్ము»ని పాత ఐసీయూ (యూనికోడ్ పనులు చేసే లైబ్రరీ) 4గా లెక్కిస్తుంది: ర, క, మ్, ము. యూనికోడ్ 15.1 నియమాలున్న ఐసీయూ 3గా లెక్కిస్తుంది: ర, క, మ్ము. «క» గురువని తేల్చాలంటే మ్ము ఒకే అక్షరంగా అందాలి. మీ సర్వర్‌లో ఎంత వస్తోందో చూసి ఇక్కడ పెట్టండి.