స్మార్ట్ స్టీరింగ్‌తో గెలిస్తే ఆ గెలుపు లెక్కలోకి వస్తుందా?

పర్పుల్‌స్పార్క్:
నింటెండో స్విచ్‌లో ఆడే కార్ట్ రేసింగ్ ఆట మారియో కార్ట్ 8 డీలక్స్ విషయంలో మాలో ఒక తగువు నడుస్తోంది, మీరే తేల్చాలి. మేం నలుగురం కూర్చుని 150 సీసీలో (సీసీ అంటే వేగం స్థాయి) కప్పులు ఆడుతుంటాం, పాయింట్లు కూడా రాసుకుంటాం. మాలో ఒకరు మొదటి నుంచీ స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లోనే పెట్టుకుని ఆడతారు, దానికి తోడు ఆటో యాక్సిలరేట్ కూడా. అంటే బండి తనంతట తానే ముందుకు పోతుంది, అంచు దాటబోతే తనే లోపలికి తిప్పుకుంటుంది. కార్ట్ వెనకాల చిన్న యాంటెన్నా కనిపిస్తుంది కదా, అదే దాని గుర్తు. మొన్న రెయిన్‌బో రోడ్ అనే ట్రాక్ చివరి ల్యాప్‌లో నేను అంచు మీంచి జారిపోయాను. మూడు కాయిన్లు పోయాయి. పడినవాళ్ళని తెచ్చే లకిటు అనే పాత్ర ఎత్తి రోడ్డు మీద పెట్టేలోపు ఆ యాంటెన్నా బండి నన్ను దాటేసి కప్పు ఎత్తుకుపోయింది. ఇకనుంచి అందరూ రెండూ ఆఫ్ చేసే ఆడాలని రూల్ పెడదామన్నాను, ససేమిరా అన్నారు. నడుముకి బెండు కట్టుకుని ఈదేవాళ్ళనీ కట్టుకోకుండా ఈదేవాళ్ళనీ ఒకే పందెంలో దింపుతామా? చెప్పండి.

రెండువందలసీసీ:
200 సీసీ పెట్టండి. గొడవే ఉండదు.

గేమ్‌మోడ్:
మీ టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లో ఉందా? ముందు అది చెప్పండి.

మూడోల్యాప్:
బెండు కట్టుకున్నవాళ్ళు మునగరు, నిజమే. కానీ లోతుకీ వెళ్ళలేరు. స్మార్ట్ స్టీరింగ్‌ని ఊరికే ఇవ్వలేదండీ, దానికి బదులు ఒకటి తీసేసుకున్నారు. డ్రిఫ్ట్ (మలుపులో బండిని పక్కకి జార్చడం) పట్టి ఉంచితే చక్రాల దగ్గర రవ్వలు ముందు నీలంగా, తర్వాత నారింజ రంగులో, ఆపైన ఊదా రంగులో వస్తాయి. ఊదా దశలో వదిలితే వచ్చే బూస్టే అన్నిటికంటే ఎక్కువసేపు ఉంటుంది. స్మార్ట్ ఆన్‌లో ఉంటే ఆ మూడో దశ రానే రాదు, ఎంతసేపు పట్టుకున్నా నారింజ దగ్గరే ఆగిపోతుంది. పైగా మష్రూమ్ (కాసేపు వేగం పెంచే ఐటమ్) వాడి గడ్డి మీంచి అడ్డంగా కోసుకుపోయే దారులుంటాయి కదా, వాటిలో కొన్నిటి వైపు తిప్పబోతే అదే మిమ్మల్ని మళ్ళీ రోడ్డు మీదికి లాగేస్తుంది. మీ పేరులో ఉన్న స్పార్క్ అవతలి మనిషికి ఆట మొత్తం మీద ఒక్కసారి కూడా దొరకదు. అయినా మిమ్మల్ని దాటారంటే తప్పు యాంటెన్నాది కాదు.

నమ్మకం లేకపోతే బేబీ పార్క్‌లో ఆడి చూడండి. ఏడు ల్యాపులు, దాదాపు మొత్తం మలుపులే. పడిపోవడానికి అంచంటూ లేదు కాబట్టి అక్కడ స్మార్ట్ స్టీరింగ్ చేసే సాయం ఏమీ లేదు, నష్టం మాత్రం ప్రతి మలుపులోనూ ఉంది.

పర్పుల్‌స్పార్క్:
మూడోల్యాప్ గారూ, ఊదా రవ్వల సంగతి నాకు తెలుసు, ఆ పేరు పెట్టుకున్నదే అందుకు. బేబీ పార్క్‌లో నేనే గెలుస్తాను, అందులో సందేహం లేదు. నేను అడుగుతున్నది రెయిన్‌బో రోడ్ గురించి. అక్కడ పడిపోకుండా ఉండటమే అసలు పరీక్ష. ఆ పరీక్షని మెషీనే రాసిపెడుతుంటే ఇంక మిగిలేది ఏమిటి? ఊదా బూస్ట్ వల్ల నాకు మలుపుకి కాస్త కలిసొస్తుంది, ఒక్కసారి పడితే అదంతా పోతుంది. రెండూ సమానమని ఎలా అంటారు?

పాపవాళ్ళనాన్న:
నాదో చిన్న ప్రశ్న. మా పాపకి స్మార్ట్ స్టీరింగ్ ఎక్కడ తీసెయ్యాలో తెలియడం లేదు. ఆట మొదటిసారి తెరిచినప్పటి నుంచీ ఆన్‌లోనే ఉంది.

మూడోల్యాప్:
@పాపవాళ్ళనాన్న కార్ట్, చక్రాలు, గ్లైడర్ ఎంచుకునే తెర మీద ఆ పాప కంట్రోలర్‌లోనే ప్లస్ బటన్ నొక్కండి. స్మార్ట్ స్టీరింగ్, టిల్ట్ (కంట్రోలర్ వంచి బండి తిప్పే పద్ధతి), ఆటో యాక్సిలరేట్ మూడూ అక్కడే విడివిడిగా ఉంటాయి. అన్నీ ఒకేసారి తియ్యకండి. ముందు టిల్ట్ తీసి స్టిక్ అలవాటు చెయ్యండి, తర్వాత 50 సీసీలో స్మార్ట్ తియ్యండి. ఆటో యాక్సిలరేట్ చివరికి. గాబరా పడినప్పుడు పిల్లలు ఎ బటన్ (యాక్సిలరేటర్) వదిలేస్తారు, బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది, అదే వాళ్ళకి ఏడుపు తెప్పిస్తుంది.

@పర్పుల్‌స్పార్క్ నేను సమానమని అనలేదు. సాయానికి బదులు ఒకటి వదులుకోవడం ఈ ఆటలో మొదటి నుంచీ ఉన్నదే అంటున్నాను. 2008లో వచ్చిన మారియో కార్ట్ వీ (Wii) ఆటలో ఆటోమాటిక్ (డ్రిఫ్ట్ తనంతట తానే పట్టే పద్ధతి) ఎంచుకుంటే మినీ టర్బో, అంటే ఆ రవ్వల బూస్ట్, అసలు వచ్చేదే కాదు. ఇప్పుడు రెండు దశలు ఇచ్చారు, మూడోది ఆపారు. ఇంకా నేనైతే అప్పటి పద్ధతే బాగుందంటాను, అది వేరే విషయం.

పర్పుల్‌స్పార్క్:
అప్పటి పద్ధతి బాగుందని మీరే అంటున్నారు. అంటే ఇప్పటిది ఎక్కువ సాయమని ఒప్పుకున్నట్టే కదా.

మూడోల్యాప్:
నా వాక్యంలో సగం తీసుకుని మిగతా సగం వదిలేస్తే ఎలాగండీ.

గేమ్‌మోడ్:
ఎవరూ నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఇది పక్కదారి ప్రశ్న కాదు, ఎందుకో చెబుతా వినండి. ఈ ఆట ఒకరో ఇద్దరో ఆడితే సెకనుకి 60 ఫ్రేములు నడుస్తుంది. ముగ్గురు, నలుగురు తెర పంచుకుంటే 30కి పడిపోతుంది. అంటే ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్ల బదులు 33 మిల్లీసెకన్లు. దాని మీద టీవీ బొమ్మకి మెరుగులు దిద్దడానికి తీసుకునే టైమ్ కలుస్తుంది. ఆ మెరుగులు ఆపేసే గేమ్ మోడ్ లేకపోతే ఆ ఆలస్యం చేతికే తెలుస్తుంది, మీరు స్టిక్ తిప్పాక ఒక క్షణానికి గానీ బండి తిరిగినట్టు కనపడదు. అంచు పట్టుకుని డ్రిఫ్ట్ చేసేవాళ్ళకి ఆ క్షణమే ప్రాణం. స్మార్ట్ స్టీరింగ్‌కి ఆ బాధ లేదు, ఎందుకంటే అది తెర చూసి తిప్పదు, లెక్క అంతా కన్సోల్ లోపలే జరిగిపోతుంది. కాబట్టి పర్పుల్‌స్పార్క్ గారు ఒంటరిగా ఆడినప్పుడు రెయిన్‌బో రోడ్ మీద పడకుండా, నలుగురితో ఆడినప్పుడే పడుతున్నారంటే జబ్బు టీవీలో ఉంది. రూల్ మార్చక్కర్లేదు, టీవీ సెట్టింగ్ మార్చండి.

పర్పుల్‌స్పార్క్:
గేమ్ మోడ్ ఆన్‌లోనే ఉంది.

గేమ్‌మోడ్:
ఆ హెచ్‌డీఎమ్ఐ పోర్టుకి ఆన్‌లో ఉందా? కొన్ని టీవీల్లో ఒక్కో పోర్టుకి విడిగా పెట్టాలి.

బొటనవేలు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. అందరూ స్మార్ట్ స్టీరింగ్ గురించే మాట్లాడుతున్నారు, ఆటో యాక్సిలరేట్‌ని కూడా అదే గాటన కట్టేసి "రెండూ ఆఫ్" అంటున్నారు. అది పడిపోకుండా ఆపదు, దారీ చూపించదు, ఎ బటన్ నొక్కి పట్టుకునే పని ఒక్కటే తీసేస్తుంది. ఈ ఆటలో ఎ వదలాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. అంటే ఒక కప్పులో నాలుగు రేసులూ బొటనవేలు బిగించి పట్టుకునే ఉండాలి. నాకు బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నరం వాచి చాలా కాలంగా నొప్పి. రెండో రేసు అయ్యేసరికి వేలు వంగదు.

రీమ్యాప్ చేసుకోమని ఎవరో ఒకరు అంటారని ముందే చెబుతున్నాను. 2020 ఏప్రిల్‌లో వచ్చిన సిస్టమ్ అప్‌డేట్ నుంచీ స్విచ్‌లో బటన్లు మార్చుకోవచ్చు, తెలుసు. ఎ ని వెనక ఉన్న జెడ్ఆర్‌కి మార్చాను. నొప్పి బొటనవేలు వదిలి చూపుడువేలికి ఎక్కింది. నొక్కి పట్టడం తప్పనప్పుడు ఏ వేలైతేనేం?

రెండువందలసీసీ:
200 సీసీలో ఎ వదలాలి. బ్రేక్ కూడా వెయ్యాలి.

బొటనవేలు:
200 సీసీలో డ్రిఫ్ట్ చేస్తూ బ్రేక్ వెయ్యాలంటే ఎ, బి రెండూ ఒకే బొటనవేలితో అదమాలి. నాకు సలహా ఇచ్చే ముందు నేను రాసింది చదవండి.

పర్పుల్‌స్పార్క్:
మీ పరిస్థితి వేరండీ. నేను చెబుతున్నది ఏ నొప్పీ లేనివాళ్ళ గురించి. మావాళ్ళకి చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఒకవేళ నిజంగా చెయ్యి సహకరించకపోతే పోటీ ఆడకుండా సరదాకి ఆడుకోవచ్చు కదా, పాయింట్ల దగ్గరికి ఎందుకు?

బొటనవేలు:
అంటే చెయ్యి నొప్పి ఉన్నవాళ్ళు పోటీ పడకూడదు. చాలా స్పష్టంగా చెప్పారు.

మూడోల్యాప్:
పర్పుల్‌స్పార్క్ గారూ, ఆ చివరి వాక్యం తీసెయ్యండి.

పర్పుల్‌స్పార్క్:
నేను అలా అనలేదు. ప్రతి మాటా వెనక్కి తిప్పి నా మీదికే వేస్తున్నారు.

బొటనవేలు:
అలాగే అన్నారు, పైన అందరికీ కనిపిస్తూనే ఉంది. ఈ మాట నాకు కొత్త కాదు కాబట్టే ఇంత కోపం. ఒకసారి నలుగురం ఆడుతున్నాం, ఫోన్ వస్తే లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా కంట్రోలర్ పక్కవాళ్ళ చేతిలో ఉంది, "నీ కార్ట్ మేమే ఎంచాంలే" అని ఇచ్చారు. రేసు మొదలైంది, నా బండి గీత దగ్గర కదలకుండా నిలబడిపోయింది. అందరూ వెళ్ళిపోయారు. ముందు బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను. ప్లస్ నొక్కి నా సెట్టింగులన్నీ ఆఫ్ చేశారని ఆ నవ్వులు విన్నాక గానీ అర్థం కాలేదు. ఎ బటన్ అదిమి మొదటి మలుపు దాకా వెళ్ళాను, అక్కడినుంచి కింద పడ్డాను. "చూశావా, ఇన్నాళ్ళూ నువ్వు కాదు నడిపింది" అన్నారు. అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని, ఊదా రవ్వలు అక్కర్లేదు, అడ్డదారులు అక్కర్లేదు, వేలు నొప్పి లేకుండా మీతో కూర్చోనివ్వండి చాలని. అడగలేదు. అదీ నా బాధ. స్మార్ట్ స్టీరింగ్ ఎక్కువ సాయమా తక్కువ సాయమా అన్నది మీరు తేల్చుకోండి, నా చేతిలో ఉన్న కంట్రోలర్ సెట్టింగ్ మీద ఇంకొకరికి ఓటు ఎందుకుండాలి?

మోడరేటర్:
చర్చ కొనసాగించండి. ఎదుటివాళ్ళ ఆరోగ్యం గురించి తీర్పులు వద్దు. పర్పుల్‌స్పార్క్ గారూ, ఆ చివరి వాక్యం మీరే తీసెయ్యండి.

పాపవాళ్ళనాన్న:
బొటనవేలు గారి ఆ రేసు సంగతి చదివితే బాధేసిందండీ. మా పాపకి ఆఫ్ చేసేముందు తనకి చెప్పే చేస్తాను.

పర్పుల్‌స్పార్క్:
బొటనవేలు గారూ, ఒకరి కంట్రోలర్ తీసుకుని చెప్పకుండా మార్చడం దారుణం, దాన్ని నేను ఎప్పటికీ సమర్థించను. కానీ నా వైపు సంగతి కూడా వినండి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ రోజు కప్పు అయిపోయాక ఆ గెలిచిన మనిషి నాతో అన్న మాట ఏంటో తెలుసా? "అంత ప్రాక్టీస్ చేసి ఏం పీకావు, నేను ఊరికే కూర్చునే గెలిచా" అన్నారు. నేను టైమ్ ట్రయల్స్‌లో (ఒంటరిగా గడియారంతో పోటీ పడే మోడ్) ఒక్కో ట్రాక్ పట్టుకుని, ఏ మలుపులో ఎక్కడ హాప్ (చిన్న గెంతు) కొట్టాలి, ఊదా రవ్వ వచ్చేదాకా ఏ గీత మీద నిలపాలి అని నేర్చుకున్నాను. ఆ పని మీద నాకు గౌరవం ఉంది. ఒక సెట్టింగ్ ఆన్ చేసుకుని ఆ పనే దండగ అంటే ఒళ్ళు మండదా? ఆ మాట అనకపోతే నేను ఈ థ్రెడ్ పెట్టేవాణ్ణే కాదు.

మూడోల్యాప్:
ఇదే మొదటి పోస్టులో రాసి ఉంటే నేను రవ్వల రంగులు లెక్కపెట్టేవాణ్ణి కాదు. అలా అన్న మనిషితో మాట్లాడాల్సింది ఆ మాట గురించి. రూల్ పెడితే దెబ్బ తగిలేది ఆ మనిషికి కాదు, రేపు మీ గుంపులోకి వచ్చే ఇంకెవరికో.

ఇంకో సంగతి. నలుగురి 150 సీసీలో గెలుపోటములు స్టీరింగ్ ఒక్కదాని మీదే ఉండవు. వెనకున్నవాళ్ళకి బలమైన ఐటమ్‌లు, ముందున్నవాళ్ళకి అరటితొక్కలు, కాయిన్లు ఇచ్చే ఆట ఇది. మీ డ్రైవింగ్ ఎంత బాగుందో నిజంగా తెలియాలంటే టైమ్ ట్రయల్స్ ఉండనే ఉన్నాయి, ఇంకొకరి సెట్టింగ్ అక్కడ మీకు అడ్డు రాదు.

పర్పుల్‌స్పార్క్:
టైమ్ ట్రయల్స్‌లో పక్కన మనుషులుండరు కదండీ. నేను కలిసి ఆడటానికే నేర్చుకున్నాను. సరే, ఆఫ్ చెయ్యమనే రూల్ వదిలేస్తాను. కానీ పాయింట్లు రాసేటప్పుడు స్మార్ట్ స్టీరింగ్ వాడినవాళ్ళ పేరు పక్కన ఒక గుర్తు పెడదాం. ఆటో యాక్సిలరేట్‌కి ఏ గుర్తూ వద్దు, ఆ రెండూ వేరని మీరు చెప్పింది సబబే.

బొటనవేలు:
నేను రెండూ వాడతాను. ఇప్పుడు నా పేరు పక్కన గుర్తు పెడతారా?

పర్పుల్‌స్పార్క్:
యాంటెన్నా ఎలాగూ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది కదండీ, కాగితం మీద ఉంటే తేడా ఏముంది?

బొటనవేలు:
యాంటెన్నా రేసుతో పోతుంది. కాగితం మీద గుర్తు మీ దగ్గర ఉండిపోతుంది. నేను ఒప్పుకోను. మీ గుంపులో ఆ మనిషి ఒప్పుకుంటారేమో అడగండి, ఈసారి కప్పు మొదలవ్వకముందే అడగండి.

మూడోల్యాప్:
గుర్తు వద్దు. కావాలంటే నాలుగు రేసుల్లో ఒక ట్రాక్ ఒక్కొక్కరు ఎంచుకోండి. మీరు బేబీ పార్క్ ఎంచుకోండి, వాళ్ళు రెయిన్‌బో రోడ్ ఎంచుకుంటారు.

పర్పుల్‌స్పార్క్:
ట్రాకుల మాట బాగానే ఉంది, అడుగుతాను. గుర్తు విషయంలో మాత్రం నా మాట నాదే.

గేమ్‌మోడ్:
పోర్టు చూశారా?

పర్పుల్‌స్పార్క్:
చూశాను. రెండో పోర్టుకి ఆఫ్‌లో ఉంది, స్విచ్ కన్సోల్ దానికే పెట్టి ఉంది. ఇప్పుడే మార్చాను.