సందేహం: నంబర్ సిరీస్‌లో టైమ్ పోతోంది, ప్యాసేజ్‌లో చివరి రెండు ఆప్షన్ల దగ్గర తప్పుతున్నా

మారతహళ్లి పీజీ:
అన్నలకు, అక్కలకు నమస్తే. బ్యాంక్ క్లర్క్ ప్రిలిమ్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఇంటర్ దాకా తెలుగు మీడియం. రెండు చోట్ల మార్కులు పోతున్నాయి.

మొదటిది మిస్సింగ్ నంబర్. మాక్ టెస్ట్‌లో ఈ బిట్ వచ్చింది:
7, 8, 18, 57, ?, 1165
తేడాలు తీస్తే 1, 10, 39. మళ్లీ తీస్తే 9, 29. ఆ తర్వాత దారి లేదు. మూడు నిమిషాలు పెట్టి వదిలేశా.

రెండోది ఇంగ్లిష్ ప్యాసేజ్. ఐదు ఆప్షన్లలో మూడు కొట్టేస్తా. మిగిలిన రెండింట్లో ప్రతిసారీ తప్పుదే పెడుతున్నా. ఇది ఇంగ్లిష్ సమస్యా, ఇంకేమైనానా?

ఎక్కాల మాస్టారు:
తమ్ముడూ, తేడాలు తీసే ముందు సంఖ్యలు ఎంత దూకుడుగా పెరుగుతున్నాయో ఒక్కసారి చూడాలి. 57 దగ్గర బయల్దేరి రెండంగల్లో 1165కి చేరింది. మామూలు కూడికతో ఇంత దూరం పోదు, లోపల గుణకారం ఉంది. 1165లో 57 ఇరవై సార్లు పోతుంది, కొంచెం మిగులుతుంది. రెండంగల్లో 20 రెట్లు అంటే ముందు తట్టాల్సింది 4, 5.

ఇప్పుడు వెనక్కి చూడు. 57లో 18 మూడుసార్లు, శేషం 3. 18లో 8 రెండుసార్లు, శేషం 2. 8లో 7 ఒకసారి, శేషం 1. అంటే ×1+1, ×2+2, ×3+3. తర్వాతది 57×4+4 = 232. అక్కడే టిక్ పెట్టెయ్యకు. 232×5+5 = 1165, చివరి సంఖ్య కూడా కలిసింది కాబట్టి ఖాయం. ఖాళీ మధ్యలో ఇచ్చాడంటే సరిచూసుకోవడానికి చివరి సంఖ్య ఉచితంగా ఇచ్చినట్టే. చాలామంది దాన్ని వాడరు.

ఒక మెలిక. శేషం పెద్దదిగా వస్తే కంగారుపడొద్దు. 4, 11, 32, 95 తీసుకో. 11లో 4 రెండుసార్లు, శేషం 3. 32లో 11 రెండుసార్లు, శేషం 10. 95లో 32 రెండుసార్లు, శేషం 31. ప్రతిసారీ శేషం భాజకానికి ఒకటే తక్కువ. అంటే అది ×2 కానే కాదు, ×3−1. శేషం భాజకానికి దగ్గరగా వచ్చినప్పుడల్లా పై గుణకం వేసి తీసివేత చూడు.

మెల్లగా పెరిగేవాటికి మాత్రం తేడాలే దిక్కు. 4, 9, 19, 37, 66: తేడాలు 5, 10, 18, 29. వాటి తేడాలు 5, 8, 11. తర్వాత 14, పైన 43, జవాబు 109. రెండో వరుస తేడాల్లోనూ ఏమీ కనబడకపోతే మూడో వరుసకు ఒక్క చూపు, అంతే.

మారతహళ్లి పీజీ:
శేషం సంగతి ఇన్నాళ్లూ తెలీదు మాస్టారూ. మరి తగ్గి, ఆగి, మళ్లీ పెరిగేవి? 48, 24, 24, 36, 72 లాంటివి?

ఎక్కాల మాస్టారు:
అవి అర గుణకాలు. ×0.5, ×1, ×1.5, ×2, తర్వాత ×2.5, జవాబు 180. పక్కపక్కన ఒకే సంఖ్య రెండుసార్లు కనబడితే అక్కడ ×1 జరిగిందేమో చూడు. అది దొరికితే ముందు సగం, వెనక ఒకటిన్నర వాటంతటవే తేలతాయి. 3, 50, 6, 45, 12, 40 లాగా పైకీ కిందకీ ఊగితే ఒక్కో సంఖ్య వదిలి చదువు, రెండు వరుసలు అల్లి ఉంటాయి.

చంద్రా లేఅవుట్ బ్యాచ్:
ఘనాలు 15 దాకా, వర్గాలు 30 దాకా నోటికి రావాలి. 2, 10, 30, 68, 130 చూడగానే 1+1, 8+2, 27+3, 64+4, 125+5 అని కనిపించాలి, తర్వాత 216+6 = 222. కనిపించకపోయినా మునిగిపోదు. తేడాలు 8, 20, 38, 62. వాటివి 12, 18, 24. తర్వాత 30, ఆపై 92, అదే 222. మూడో వరుసలో అన్నీ 6 వచ్చాయంటే కింద ఘనాలు ఉన్నాయని అర్థం.

ఇంకో ఉచ్చు: 10, 12, 15, 20, 27, 38. తేడాలు 2, 3, 5 దాకా చూసి ముందు రెండూ కూడితే వచ్చేదనుకుని 8 వేసేస్తారు. నాలుగో తేడా 7. ఇవి ప్రధాన సంఖ్యలు: 2, 3, 5, 7, 11, తర్వాత 13, జవాబు 51.

వాదన వీరుడు:
అడ్డొచ్చినందుకు ఏమనుకోవద్దు. 1, 2, 4, 8 తర్వాత 16 అని ఎవరు చెప్పారు? తేడాలు 1, 2, 4, వాటివి 1, 2. తర్వాత 3 అనుకుంటే తేడా 7, జవాబు 15. ఇదీ నియమమే కదా.

ఎక్కాల మాస్టారు:
గణితపరంగా మీ మాట నిజమే. నాలుగు సంఖ్యలకు ఎన్ని నియమాలైనా కుట్టొచ్చు. పరీక్షలో మాత్రం ఇచ్చిన ప్రతి అంగనూ ఒకే మాటలో చెప్పగల నియమం తీసుకోవాలి. "ప్రతిసారీ రెట్టింపు" అనేది ఆ ఒక్క మాట. ఆప్షన్లలో 16 లేకుండా 15 ఉంటే అప్పుడు మీరే గెలిచారు. 335ఇ, 500డి బస్ నంబర్లలో కూడా ప్యాటర్న్ వెతికే బాపతు మనం, పరీక్ష హాల్లో ఆ సరదా వద్దు.

చంద్రా లేఅవుట్ బ్యాచ్:
రాంగ్ నంబర్ సిరీస్, అంటే వరుసలో తప్పు సంఖ్యను పట్టుకునే బిట్, గురించి ఎవరూ చెప్పలేదు. 5, 11, 23, 47, 96, 191, 383. తేడాలు 6, 12, 24, 49, 95, 192. ఉండాల్సినవి 48, 96. ఒకటి 1 పెరిగింది, పక్కది 1 తగ్గింది. మధ్యలో ఒక్క సంఖ్య చెడితే పక్కపక్క రెండు తేడాలు ఇలాగే చెడతాయి, ఆ రెండింటికీ మధ్య కూర్చున్నదే దొంగ. ఇక్కడ 96. ఒక్క మొదటి తేడా మాత్రమే చెడితే మొదటి సంఖ్యను, చివరిది చెడితే చివరి సంఖ్యను పట్టుకో.

ఆప్షన్లలో 95 కూడా పెడతారు. ఉండాల్సింది 95, అడిగింది తప్పు సంఖ్య. లెక్క మొత్తం కరెక్ట్‌గా చేసి 95కి టిక్ పెట్టి మార్కు పోగొట్టుకునేవాళ్లు కోకొల్లలు.

బన్నేరుఘట్ట అక్క:
ప్యాసేజ్ సంగతి నేను చెప్తా. తమ్ముడూ, చివరకు మిగిలే రెండింట్లో ఒకటి ప్యాసేజ్ చెప్పిన మాట, ఇంకోటి అది చదివాక నీకు తట్టిన మాట. రెండోది వినడానికి ఇంకా బాగుంటుంది, కావాలనే అలా రాస్తారు. తెలుగులోనే ఒక నమూనా రాస్తున్నా. ఇక్కడ తప్పితే అది ఇంగ్లిష్ సమస్య కాదని తేలిపోతుంది.

"బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కావేరి నీటిని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎక్కించాలి. పాత చెరువులు చాలావరకు కాలువలతో కలిసి ఉండేవి. ఎగువ చెరువు నిండితే నీరు దిగువ చెరువుకు చేరేది. ఆ కాలువలపై కట్టడాలు లేచిన కొన్నిచోట్ల వానాకాలంలో ముంపు, వేసవిలో నీటి కొరత రెండూ కనిపిస్తున్నాయి."

దీన్నిబట్టి ఏది చెప్పగలం?
అ) చెరువులను బాగుచేస్తే కావేరి నీరు అవసరం ఉండదు.
ఆ) ఒకే ప్రాంతంలో ముంపు, కొరత రెండూ ఉండొచ్చు.
ఇ) బెంగళూరులో వానపడితే రోడ్లు మునుగుతాయి.
ఈ) ఎగువ చెరువులు దిగువ వాటికంటే పెద్దవి.

మారతహళ్లి పీజీ:
ఆ, ఇ మిగిలాయి. ఇ పెడతా అక్కా. ఔటర్ రింగ్ రోడ్డు మీద వానొస్తే చూస్తున్నాం కదా.

బన్నేరుఘట్ట అక్క:
దొరికావు. నువ్వు చూసింది నిజమే, కానీ ప్యాసేజ్‌లో "రోడ్లు" అన్న మాటే లేదు. "కొన్నిచోట్ల" అన్నది ఆప్షన్లో ఊరంతా అయిపోయింది. "కొన్నిచోట్ల... రెండూ కనిపిస్తున్నాయి" అన్న ముక్క మీద వేలు పెట్టి చూపించగలవు కాబట్టి "ఆ" ఆప్షన్ సరైనది. అ ఎందుకు పోయిందంటే చెరువులు కావేరికి బదులవుతాయని రచయిత ఎక్కడా అనలేదు. ఈ అయితే గాల్లోంచి వచ్చింది.

చివరి రెండూ మిగిలినప్పుడు చేయాల్సింది ఇదే: ఒక్కో ఆప్షన్‌కి ప్యాసేజ్‌లో ఏ వాక్యం ఆధారమో వేలు పెట్టు. వేలు ఎక్కడా ఆగలేదంటే అది నీ సొంత కవిత్వం. "ఆల్", "ఓన్లీ", "ఆల్వేస్", "నెవర్" కనిపించిన ఆప్షన్ మీద మొదటి అనుమానం. అలాగని చూడగానే కొట్టేయకు, ప్యాసేజే "ఓన్లీ" అని ఉంటే అదే జవాబు.

తెలుగు మీడియం వాళ్లకి అసలు దెబ్బ చిన్న మాటల దగ్గర తగులుతుంది. "హార్డ్‌లీ" అంటే కష్టపడి అని కాదు, దాదాపు లేదని. "ఫ్యూ" అంటే దాదాపు ఎవరూ లేరు, "ఎ ఫ్యూ" అంటే కొందరున్నారు. "అన్‌లెస్" వచ్చిందంటే "అలా జరగకపోతే" అని చదువుకో. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ పోతే ఇవే జారిపోతాయి, అర్థం తలకిందులవుతుంది. "బట్", "హౌఎవర్", "యెట్" దగ్గర మాత్రం ఆగి చదువు, రచయిత అసలు మాట ఎక్కువసార్లు వాటి తర్వాతే ఉంటుంది.

వాదన వీరుడు:
ముందు ప్రశ్నలు చదవాలా, ప్యాసేజా?

బన్నేరుఘట్ట అక్క:
ప్రశ్నలు పైపైన, అర నిమిషం. ఏ పేరు, ఏ మాట గురించి అడిగారో చాలు. ఆప్షన్లు అప్పుడే చదవొద్దు, ఐదింట్లో నాలుగు అబద్ధాలు ముందే బుర్రలో పడతాయి. మొత్తం సారాంశం, టైటిల్ అడిగేవి ఆఖరున చెయ్యి, అప్పటికి ప్యాసేజ్ రెండుసార్లు తిరిగి ఉంటావు.

చంద్రా లేఅవుట్ బ్యాచ్:
టైమ్ లెక్క. క్లర్క్ ప్రిలిమ్స్‌లో లెక్కలు 35 బిట్లు 20 నిమిషాలు, అంటే బిట్‌కి 34 సెకన్లు. ఇంగ్లిష్ 30 బిట్లు 20 నిమిషాలు, బిట్‌కి 40 సెకన్లు. సిరీస్ బిట్ నిమిషం దాటితే గుర్తు పెట్టుకుని ముందుకెళ్లు.

ఐదు ఆప్షన్లు, తప్పుకి పావు మార్కు కోత ఉంటే గుడ్డిగా పెట్టడం వల్ల సగటున లాభం సున్నా. రెండు కొట్టేసి మిగిలిన మూడింట్లో ఒకటి పెడితే బిట్‌కి సగటున ఆరో వంతు మార్కు లాభం. నువ్వు మూడు కొట్టేయగలనంటున్నావు కాబట్టి ఖాళీ వదలకు. మూడు ఎందుకు కొట్టావో కారణం చెప్పగలిగితేనే సుమా.

ఎక్కాల మాస్టారు:
పడుకునే ముందు ఇది చెయ్యి తమ్ముడూ: 6, 13, 28, 59, 122, ?

మారతహళ్లి పీజీ:
భాగిస్తే రెండు చొప్పున వస్తోంది, శేషాలు 1, 2, 3, 4. 122×2+5 = 249. 35 సెకన్లు పట్టింది మాస్టారూ.

వాదన వీరుడు:
నేను తేడాలతో వెళ్లా. 7, 15, 31, 63, తర్వాత 127. 122+127 = 249. ఈసారి గొడవేం లేదు.