సెప్టిక్ ట్యాంకు పొంగితేనే తీయించాలా, ముందే తీయించాలా?

పటమట కుర్రాడు:
ఇల్లు కట్టి పదహారేళ్లయింది, ట్యాంకు మూత ఒక్కసారి కూడా తీయలేదు. "పొంగలేదుగా, ఎందుకు కెలకడం" అంటారు నాన్నగారు. రెండు మూడేళ్లకోసారి తీయించాలని బయట అందరూ చెబుతున్నారు. నిజంగా అవసరమా, బండివాళ్ల బేరం కోసం పుట్టిన మాటా?

బ్రాడీపేట పెద్దాయన:
మీ నాన్నగారిదే రైటు బాబూ. మాది 1989లో కట్టిన రాతి ట్యాంకు, అడుగున గచ్చు కూడా లేదు. ఇంతవరకు ముట్టుకోలేదు. ఏడాదికోసారి బకెట్ పేడనీళ్లు పోస్తాను, లోపలి పురుగే అంతా తినేస్తుంది.

సైట్ ఇంజనీర్:
బాబాయ్ గారూ, అడుగున గచ్చు లేదంటే అది సెప్టిక్ ట్యాంకు కాదండీ, గొయ్యి. నీళ్లు భూమిలోకి పోతున్నాయి కాబట్టే పొంగట్లేదు. మీ బోరు దానికి ఎంత దూరంలో ఉంది?

అసలు చిక్కంతా 'నిండడం' అనే మాటతోనే. వాడకం మొదలైన కొద్ది రోజులకే ట్యాంకు నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇటు చెంబు నీళ్లు పోస్తే అటు చెంబు నీళ్లు పోవాలి. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, నూనె జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలో తేరిన నీరే ఇంకుడు గుంతకు పోతుంది. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా మడ్డిని కొంత కరిగిస్తుంది, మొత్తం కాదు. మిగిలింది ఏటేటా పేరుకుని నీళ్లు నిలిచే చోటును తినేస్తుంది. అప్పుడు తేరుకోకుండానే అంతా బయటికి కొట్టుకుపోతుంది. పొంగదు, వాసన కూడా రాకపోవచ్చు. ఇంకుడు గుంత పూడుకుపోయాకే తెలుస్తుంది. అప్పుడు ట్యాంకు ఒక్కటే తీయిస్తే సరిపోదు.

సెప్టిక్ ట్యాంకులు కట్టే పద్ధతికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2470లో ట్యాంకు లోతులు ఇచ్చిందే ఏడాదికోసారి తీస్తే ఇంత, రెండేళ్లకోసారి తీస్తే ఇంత అని. అంటే తీయించడం లెక్కలోనే ఉంది. పేడ మొదట్లో ఒక బకెట్ పోస్తే తప్పు లేదు. కానీ బ్యాక్టీరియాను రోజూ మనమే పంపుతున్నాం, పేడలో పీచు మాత్రం మడ్డిలో చేరుతుంది.

సింగ్ నగర్ అక్క:
తీయించండి గానీ వానల్లో వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక మా వీధంతా ఒకేసారి బండ్లకు ఫోన్లు చేశాం. మా పక్కింటివాళ్లది ప్లాస్టిక్ ట్యాంకు, మొత్తం లాగించేశారు. చుట్టూ నేల ఇంకా నీళ్లతోనే ఉంది. తెల్లారేసరికి ఖాళీ ట్యాంకు పడవలా ఓ పక్కకి లేచి పైపు విరిగింది.

బ్రాడీపేట పెద్దాయన:
సరే ఇంజనీరు గారూ, అందరూ తీయిస్తే ఆ బండ్లు ఎక్కడ పోస్తున్నాయి? ఒక బండి రాత్రిపూట కాలవలో వదలడం నా కళ్లతో చూశాను. నా గొయ్యిలోది నా గొయ్యిలోనే ఉంది. బోరు ఇరవై అడుగుల దూరంలో ఉంది, అడిగారు కాబట్టి చెబుతున్నా.

సైట్ ఇంజనీర్:
బండ్ల మాట నిజమే, కాదనను. శుద్ధి కేంద్రానికే తీసుకెళ్తారా అని ముందే అడిగి పిలవడం ఒక్కటే మన చేతిలో ఉంది. ఇరవై అడుగులంటే ఆ బోరు నీళ్లు తాగొద్దు, ఒకసారి పరీక్ష చేయించండి.

ఇంకోటి, డబ్బులు మిగులుతాయని కూలి మనిషిని లోపలికి దింపకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది, వాసన తగ్గిందనుకునేలోపే మనిషి కూలిపోతాడు. రక్షణ లేకుండా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచింది.

పటమట కుర్రాడు:
నిన్న తీయించాం. బండాయన పొడవాటి కర్రకు పాత తెల్ల పంచె ముక్క చుట్టి, పక్కకు నిలబడి దింపాడు. నీటి లోతులో మూడో వంతు మడ్డి ఉంటే తీయించాలట. మాది సగం దాటి నల్లగా వచ్చింది. అడుగున కాస్త మడ్డి వదిలేశాడు, మళ్లీ బ్యాక్టీరియా పెరగడానికట. అయితే మూతల మీద ఎప్పుడో టైల్స్ వేయించేశారు, నాలుగు పగలగొట్టాల్సి వచ్చింది. నాన్నగారు మడ్డి సంగతి ఎత్తట్లేదు, టైల్స్ గురించే తిడుతున్నారు.