లేజర్‌ను ‘సంధించడం’ సరైన మాటేనా?

పిల్లల పత్రికకు సైన్సు వ్యాసం రాస్తున్నాను. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చింది కదా, దాని గురించి. ‘లేజర్‌ను సంధించి’ అని రాశాక కలం ముందుకు సాగలేదు.

సంధించడం అంటే బాణాన్ని వింటినారికి కూర్చడం. బాణం వదిలాక విలుకాడి చేతిలో ఇంకేమీ ఉండదు. లేజర్ అలా కాదు. డ్రోన్ కాలి పడిపోయేదాకా ఆ వెలుగు కొన్ని సెకన్లపాటు ఒకే చోట పడుతూ ఉండాలి. డ్రోన్ కదులుతుంది, ఆయుధం మోసే బండి అదురుతుంది, మధ్యలో వేడెక్కిన గాలి వెలుగును చెదరగొడుతుంది. అందుకే ఇలాంటి ఆయుధాల్లో చిన్న అద్దం ఒకటి సెకనుకు వందలసార్లు వంగి సర్దుతూ ఉంటుంది. అద్దం ఎంత కోణం వంగితే వెలుగు దానికి రెట్టింపు తిరుగుతుంది. మూడున్నర కిలోమీటర్ల దూరాన, డిగ్రీలో వెయ్యోవంతు తేడా వస్తే చాలు, ఆరు సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మరి దీనికి క్రియ ఏది?

– టార్చి పడతాం, గొడుగు పడతాం అంటాం కదా అక్కా. ‘పట్టి ఉంచడం’ అనండి. ‘కిరణం’ బదులు ‘పుంజం’ వాడండి. మాది నేత ఇల్లు. పడుగులో లెక్కపెట్టిన పోగుల కట్టను పుంజం అనేవారు. చాలా ఫైబర్ల (సన్నని గాజు పోగుల) వెలుగును ఒకటిగా చేర్చే లేజర్లకు ఇంతకంటే అందమైన మాట దొరకదు.

– పుంజం నాకూ నచ్చింది. దాన్ని పక్కకు తిప్పడానికి మాత్రం ‘విక్షేపణం’ వాడకండి. విక్షేపం అంటే చెదరగొట్టడం అనే అర్థమూ ఉంది, ఇక్కడ కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. రాడార్ తరంగాల పుంజానికీ ఇదే మాట వాడాల్సి వస్తే, ‘తిప్పడం’ కూడా తప్పుదోవ పట్టిస్తుంది. ఫేజ్‌డ్ అరే రాడార్‌లో పుంజాన్ని తిప్పడానికి ఏ భాగమూ కదలక్కర్లేదు. వందల చిన్న యాంటెనాలు ఒకదాని తర్వాత ఒకటి రవ్వంత ఆలస్యంగా తరంగాన్ని పంపితే, పుంజమే పక్కకు మళ్లుతుంది. పొలంలో నీళ్లు మళ్లిస్తాం, అక్కడా నేల కదలదు. ‘మళ్లించడం’ రాడార్‌కూ అద్దానికీ రెంటికీ సరిపోతుంది.

– ఇద్దరికీ ధన్యవాదాలు. వాక్యం ఇలా మార్చాను: ‘అద్దంతో లేజర్ పుంజాన్ని మళ్లిస్తూ, డ్రోన్ కాలి పడేదాకా దాని మీదే పట్టి ఉంచారు.’