అమ్మకి ఐఎల్‌డీ అనే ఊపిరితిత్తుల జబ్బు అన్నారు, ఎవరికి చూపించాలి?

నరసరావుపేట కుర్రాడు:
అందరికీ నమస్తే. మా అమ్మకి 61 ఏళ్లు, ఊళ్లో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. రెండేళ్ల నుంచి పొడి దగ్గు. మొదట ఎలర్జీ అన్నారు, తర్వాత ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, దాంతో వీసమెత్తు తేడా లేదు. పోయినేడాది ఎక్స్‌రేలో మచ్చలున్నాయని, కళ్లెలో ఏమీ దొరక్కపోయినా టీబీ మందులు మొదలుపెట్టించారు. ఆరు నెలల కోర్సూ వాడింది, అన్నం సహించక సగమైపోయింది, దగ్గు మాత్రం ఎక్కడిదక్కడే. ఇప్పుడు మేడ మీద బట్టలు ఆరేసి వచ్చి మంచం మీద కూలబడిపోతోంది.

మొన్న సీటీ తీయిస్తే ఐఎల్‌డీ, ఫైబ్రోసిస్ అని రాశారు. అక్కడి డాక్టరు గారు "ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, దీనికి మందు లేదు, స్టెరాయిడ్ వాడి చూద్దాం" అన్నారు. నెట్‌లో చదివితే మూడేళ్లు, ఐదేళ్లు అని ఏవేవో ఉన్నాయి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఇంట్లోవాళ్లేమో టీబీ తిరగబెట్టిందనుకుని అమ్మకి గ్లాసు, కంచం వేరే పెట్టారు, పిన్ని పిల్లల్ని దగ్గరికి రానివ్వట్లేదు. హైదరాబాద్ తీసుకొద్దామనుకుంటున్నా. ఎవరికి చూపించాలి? స్టెరాయిడ్ మొదలుపెట్టాలా, ఆగాలా?

ఛాతీ విభాగం పీజీ:
ముందు ఆ గ్లాసూ కంచం సంగతి తేల్చండి. కళ్లెలో టీబీ లేదు, కోర్సు కూడా అయింది. ఐఎల్‌డీ అంటుకునే జబ్బు కాదు, పిల్లల్ని హాయిగా ఆవిడ పక్కన కూర్చోనివ్వొచ్చు.

ఐఎల్‌డీ అంటే ఒకటే జబ్బు కాదండీ, 200కి పైగా జబ్బులకి కలిపి పెట్టిన పేరు. ఊపిరితిత్తుల్లో గాలి గదుల చుట్టూ ఉండే పల్చటి గోడలు వాస్తాయి, కొన్ని రకాల్లో మచ్చ కట్టి బిగుసుకుపోతాయి. అందుకే ఆస్తమా ఇన్‌హేలర్ పనిచేయలేదు, అది గాలి గొట్టాలు తెరవడానికి, ఇక్కడ తేడా గొట్టాల్లో లేదు. టీబీ అని పొరబడటం మన దగ్గర చాలా మామూలు, మామూలు ఎక్స్‌రేలో రెండూ తెల్ల మచ్చల్లాగే కనిపిస్తాయి. పాత టీబీ మచ్చలు ఎక్కువగా పైభాగంలో ఉంటాయి, ఐఎల్‌డీలో చాలామందికి రెండు పక్కలా కింది అంచుల్లో మొదలవుతుంది. వీపు వెనక అడుగున స్టెత్ పెడితే వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు చప్పుడు వస్తుంది. కానీ ఓపీలో చొక్కా పైనుంచి ముందుపక్క విని పంపించేస్తే అది ఎవరికీ వినపడదు.

స్టెరాయిడ్ గురించి: రకం తేలకుండా "వాడి చూద్దాం" అనేది నాకు నచ్చదు. ఐపీఎఫ్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తి గట్టిపడటం) అనే రకంలో ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్, అజాథయోప్రిన్, ఎసిటైల్ సిస్టీన్ కలిపి ఇచ్చినవాళ్లలో మరణాలు పెరిగాయని 2012లో అమెరికాలో జరిగిన ట్రయల్‌లో బయటపడింది. అదే కీళ్లవాతం వల్ల వచ్చినదో, ఎలర్జీ వల్ల వచ్చినదో అయితే స్టెరాయిడ్ బాగా ఉపయోగపడొచ్చు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఠక్కున ఆపకండి, అదింకా ప్రమాదం.

మందు లేదన్న మాట కూడా పాతబడిపోయింది. పిర్ఫెనిడోన్, నింటెడనిబ్ ఉన్నాయి, ఇక్కడే దొరుకుతాయి. పోయిన ఊపిరితిత్తి వెనక్కి రాదు, గట్టిపడే వేగం తగ్గుతుంది. నింటెడనిబ్‌తో విరేచనాలు, పిర్ఫెనిడోన్‌తో ఎండ పడకపోవడం, రెండిటికీ లివర్ టెస్టులు చేయిస్తూ ఉండాలి. అందరికీ ఇవే అని కాదు.

చూపించాల్సింది పల్మనాలజిస్టుకే. కాకపోతే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఐఎల్‌డీ కేసులు రెగ్యులర్‌గా చూస్తారా, రేడియాలజిస్టు, రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు)తో కలిసి కూర్చుని మాట్లాడతారా, డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతోందో చూసే) పరీక్ష అక్కడే ఉందా అని అడగండి. నిమ్స్ లాంటి చోట ఈ విభాగాలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. సీటీ ఫిల్ము, రిపోర్టు మాత్రమే కాదు, సీడీ తప్పకుండా పట్టుకెళ్లండి, ఫిల్ము మీద తేలనిది కంప్యూటర్లో తేలుతుంది.

రాజీ, మల్కాజ్‌గిరి:
మా మామగారిదీ ఇంచుమించు ఇదే కథ. చివరికి దొరికిన డాక్టరు గారు రిపోర్టులు పక్కన పెట్టి ఇంటి గురించే అడుగుతూ కూర్చున్నారు. పావురాలు వస్తాయా, కూలర్ వాడతారా, కోళ్లున్నాయా, గోడలకి చెమ్మ ఉందా, వడ్లు దంచే చోట పనిచేశారా, చేతివేళ్లు చలికి తెల్లబడతాయా... విసుగొచ్చి "అసలు సంగతి చెప్పండి సార్" అన్నాను కూడా. మా ఫ్లాట్లో ఏసీ బయటి యూనిట్ వెనక పావురాల గూళ్లు, మామగారు రోజూ చీపురుతో ఆ రెట్ట గీకేవారు, అదే కారణం. వల కట్టించి, ఆయన్ని ఆ గదిలోంచి మార్చి, మందులు వాడాక జబ్బు అక్కడితో ఆగింది. పూర్తిగా మామూలు మనిషి కాలేదు, కానీ కూరగాయలకి తనే వెళ్తారు.

వేణు_బీహెచ్‌ఈఎల్:
పెద్దాస్పత్రికి వెళ్తే ముందు బయాప్సీ అంటారు బ్రదర్, ఊపిరితిత్తి ముక్క కోసి తీస్తారు. నన్నడిగితే ఆ వయసులో అంత రిస్క్ అవసరమా? మాకు తెలిసినవాళ్లు ఆకు పసరు వాడుతున్నారు, దగ్గు తగ్గింది.

ఛాతీ విభాగం పీజీ:
వేణు గారూ, హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని సన్నటి పొరలుగా చూపించే సీటీ) స్పష్టంగా ఉండి, ఇంటి వివరాలు, రక్త పరీక్షలు దానికి సరిపోతే చాలామందికి బయాప్సీ అక్కర్లేదు. ఆయాసం ఎక్కువున్నవాళ్లకి అసలు వద్దనే అంటారు. దగ్గు తగ్గినంత మాత్రాన లోపల గట్టిపడటం ఆగినట్టు కాదు, ఆ పసరు వాడేవాళ్లకి పీఎఫ్‌టీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయిస్తే తెలుస్తుంది.

రాజీ గారు చెప్పింది బంగారం లాంటి మాట. 2017లో వచ్చిన ఇండియా ఐఎల్‌డీ రిజిస్ట్రీలో 1,084 మందిని చూస్తే దాదాపు 47 శాతం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, అంటే పీల్చిన దేనికో ఊపిరితిత్తి ఎదురుతిరగడం. వాళ్లలో సగం మంది దాకా కూలర్ గాలికి అలవాటుపడ్డవాళ్లే.

నరసరావుపేట కుర్రాడు:
కూలర్ అనగానే గుండె ఆగినంత పనైంది. అమ్మ మంచం పక్కనే పాత రేకు కూలర్, పల్నాడు ఎండలకి మార్చి నుంచి తిరుగుతూనే ఉంటుంది. గడ్డి మెత్తలు ఎప్పుడు మార్చారో నాన్నకే గుర్తులేదు, వీడియో కాల్‌లో తీసి చూపించమంటే నల్లగా బూజు పట్టి ముద్దైపోయి ఉన్నాయి. తీసేయమన్నా. పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటున్నాయని అమ్మ ఎప్పటినుంచో అంటోంది, వయసని వదిలేశాం. ఇది కూడా చెప్పాలా?

శారద టీచర్:
చెప్పాలి బాబూ, అదే ముందు చెప్పు. ఇంకో మాట. కూర్చోబెట్టి ఆక్సీమీటర్ పెడితే మావారికి 96 ఉండేది, అందరూ బాగుందనేవారు. ఆరు నిమిషాలు నడిపించి చూస్తే 85కి పడిపోయింది. అమ్మ నడిచి వచ్చాక పెట్టి చూడమను, ఆ అంకె రాసిపెట్టుకో. కూలర్‌ని మాత్రం అమ్మ చేత, అమ్మ గదిలో కడిగించకండి, ఆ దుమ్మే అసలు విషం.

నరసరావుపేట కుర్రాడు:
సరే టీచర్ గారూ. నడిపించి చూస్తే 89 వచ్చింది. స్టెరాయిడ్ ఇంకా మొదలుపెట్టలేదు. సోమవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది, మీరు చెప్పినవన్నీ ఫోన్‌లోనే అడిగా, ఫోన్ ఎత్తిన అమ్మాయి డాక్టర్‌ని కనుక్కుని మరీ చెప్పింది. పరగడుపున తీసుకురావాలా?

ఛాతీ విభాగం పీజీ:
వద్దు, తేలిగ్గా టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి, కడుపు నిండా తింటే పీఎఫ్‌టీలో సరిగ్గా ఊదలేరు. ఇన్‌హేలర్ ఇంకా వాడుతుంటే ఆ రోజు ఆపాలో లేదో వాళ్లనే అడగండి. ఆ మెత్తల ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి, డాక్టరుకి చూపించడానికి. ఆస్పత్రిలో గేటు నుంచి ఓపీ దాకా వీల్‌చెయిర్ తీసుకోండి, అమ్మగారు వద్దంటారు, అయినా తీసుకోండి.